కారు పాటకీ శ్రుతి కావాలి!

వేలు పోసి ఆంప్లిఫయర్ కొన్నారు. ఊఫర్ బిగించారు. అయినా పాట పెడితే తలనొప్పే! చాలాసార్లు లోపం ఆ పెట్టెలో ఉండదు... దానిమీదున్న చిన్న మీటను తిప్పిన తీరులో ఉంటుంది.

సంక్రాంతి సెలవులు. హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు కారు బయల్దేరింది. స్టీరింగు దగ్గర అబ్బాయి. పక్కన నాన్న. వెనక సీట్లో అమ్మ, నానమ్మ, చెల్లాయి. వారం కిందటే డిక్కీలో కొత్త ఆంప్లిఫయర్, ఊఫర్ వెలిశాయి. ఆ హుషారులో అబ్బాయి వాల్యూమ్ పెంచాడు. వెనక నంబరు ప్లేటు కూడా గడగడలాడింది!

'ఒరేయ్, గుండెలమీద రోకలితో దంచుతున్నట్టుందిరా' అంది నానమ్మ.

'పాటలో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు' అన్నాడు నాన్న.

చౌటుప్పల్ చేరేసరికి పాట ఆగిపోయింది. ఇలాంటి కార్లు మన చుట్టూ బోలెడు. పరికరాలు మంచివే. వాటికి శ్రుతి చేయలేదు, అంతే!

వాల్యూమ్ కాదు సుమా!

ఆంప్లిఫయర్ మీద 'గెయిన్' అని ఓ మీట ఉంటుంది. ఎక్కువమంది దాన్ని రెండో వాల్యూమ్ అనుకుంటారు. కార్ డెకార్ షాపులో కుర్రాడు చివరిదాకా తిప్పేసి 'చూడండి సార్, ఎంత సౌండో' అంటే మురిసిపోతారు. అసలు దాని పని వేరు. డాష్‌బోర్డులోని స్టీరియో పంపే సిగ్నల్ అన్నిట్లో ఒకేలా ఉండదు. ఒకటి 2 వోల్టులు పంపితే, మరొకటి 4 వోల్టులు పంపుతుంది. వచ్చే సిగ్నల్‌కు తగ్గట్టుగా ఆంప్లిఫయర్‌ను సరిపెట్టడానికే గెయిన్. కచేరీకి ముందు తంబురాకు శ్రుతి చూసుకోవడం లాంటిదన్నమాట.

మరి ఎక్కువ తిప్పితే ఏమవుతుంది? ధ్వని తరంగం కొండలు, లోయల్లా ఉంటుంది. ఆంప్లిఫయర్ తన శక్తికి మించి పెంచబోతే ఆ కొండల శిఖరాలు కోసేసినట్టు చదునైపోతాయి. దీన్నే క్లిప్పింగ్ అంటారు. పాట గరగరలాడుతుంది. అంతేకాదు, పూర్తిగా చదునైన తరంగం అదే ఎత్తున్న నున్నటి తరంగం కంటే రెట్టింపు శక్తిని స్పీకర్‌లోకి పంపుతుంది. లోపలి తీగచుట్ట వేడెక్కి మాడుతుంది. ముందుగా బలయ్యేవి తరచూ చిన్న ట్వీటర్లే!

ముందు ఫ్యూజు చూడండి

పాట సంగతి తర్వాత. ముందు ప్రాణాల సంగతి. బ్యాటరీ నుంచి డిక్కీదాకా లావుపాటి వైరు వెళ్తుంది. దారిలో ఎక్కడైనా ఒరుసుకుని కారు బాడీకి తగిలితే క్షణాల్లో నిప్పంటుకోవచ్చు. అందుకే బ్యాటరీకి జానెడు, మూరెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు ఆంప్లిఫయర్ కోసమని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది వైరును... అంటే కారును, అందులోని మనల్ని! ఇంజిన్ వెనకగోడ రంధ్రంలోంచి వైరు వచ్చేచోట రబ్బరు బుష్ తప్పనిసరి.

ఎర్త్ వైరు కూడా ముఖ్యమే. పెయింటు గీకి, లోహం కనిపించాకే బిగించాలి. పాజిటివ్ వైరు ఎంత లావుంటే ఇదీ అంతే లావుండాలి. ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ స్పీకర్లలో 'కుయ్'మని కూత పెరుగుతోందా? మొదట అనుమానించాల్సింది ఎర్త్‌నే.

ఇలా చేయాలి

ముందు స్టీరియోలో బాస్, ట్రెబుల్ సున్నాకు తేవాలి. ఆంప్లిఫయర్ మీది 'బాస్ బూస్ట్' కూడా సున్నాయే. గెయిన్‌ను కనిష్ఠానికి దించాలి. ఇంజిన్ నడుస్తుండగా, బాగా తెలిసిన, శుభ్రంగా రికార్డయిన పాట పెట్టాలి. (మూసిన షెడ్డులో మాత్రం వద్దు. పొగ ప్రాణం తీస్తుంది!) స్టీరియో వాల్యూమ్ గరిష్ఠంలో ముప్పావు వంతుకు తేవాలి. ఇప్పుడు గెయిన్‌ను మెల్లగా పెంచుతూ పోవాలి. గొంతులో గరగర వినిపించగానే కాస్త వెనక్కి తిప్పి ఆపేయాలి. అదే హద్దు.

ఇంకాస్త కచ్చితంగా కావాలంటే మల్టీమీటర్ ఉంది. స్పీకర్, ఆంప్లిఫయర్‌ల వాట్లు చూడండి. డబ్బామీద పెద్దక్షరాల్లో ఉండే 'పీక్' అంకె కాదు... 'ఆర్ఎంఎస్' అంకె. రెండింటిలో తక్కువదాన్ని స్పీకర్ ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయాలి. 50 వాట్లు, 4 ఓమ్‌లు అయితే 200కు వర్గమూలం... సుమారు 14 వోల్టులు. స్పీకర్ వైర్లు విప్పి, 1,000 హెర్ట్జ్ పరీక్ష ధ్వని పెట్టి, మీటర్‌లో ఏసీ 14 వోల్టులు చూపేదాకా గెయిన్ తిప్పితే సరి. ఊఫర్‌కైతే 50 హెర్ట్జ్ ధ్వని వాడాలి.

ఎవరి పని వారిది

తలుపుల్లోని చిన్న స్పీకర్లతో లోతైన బాస్ పలికించాలనుకోవడం చంటిపిల్లాడితో బస్తా మోయించడమే! 'హై పాస్' మీటను 80 హెర్ట్జ్ దగ్గర పెడితే అంతకంటే కిందివి వాటికి చాలావరకు వెళ్లవు. ఊఫర్‌కు 'లో పాస్' అదే 80 దగ్గర పెడితే కింది స్థాయి తను చూసుకుంటుంది. 'ఫేజ్' మీట ఉంటే రెండువైపులా తిప్పి, బాస్ నిండుగా వినిపించేవైపు ఉంచేయండి.

బాస్ బూస్ట్ జోలికి పోకపోవడమే మేలు. 12 డెసిబెల్స్ పెంచితే ఆ స్థాయిలో ఆంప్లిఫయర్ 16 రెట్లు శక్తి ఇవ్వాలి! 1957లో వచ్చిన 'మాయాబజార్' పాటల్లాంటి పాత రికార్డింగుల్లో లోతైన బాస్ ఎలాగూ తక్కువ. లేనిదాన్ని పెంచబోతే మిగిలేది రొదే.

చెవికి ఫ్యూజు లేదు

స్పీకర్ మాడితే మరోటి కొనుక్కోవచ్చు. లోపలి చెవిలోని సన్నని కేశకణాలు పోతే తిరిగి మొలవవు. 80 డెసిబెల్స్ ధ్వనిని పెద్దలు వారానికి 40 గంటలు వినొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది 90కి చేరితే 4 గంటలే! కారు దిగాక చెవుల్లో 'గుయ్'మంటోందంటే హద్దు దాటినట్టే. వెనక అంబులెన్స్ సైరన్ వినిపించనంత మోత ఎవరికీ క్షేమం కాదు.

ఇవి మరవొద్దు!

* వైర్లు విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి.
* కొత్త కారైతే వారంటీ నిబంధనలు చదివాకే వైర్లమీద చేయి వేయండి.
* కాలిన వాసన వస్తే వెంటనే ఆపేసి మెకానిక్‌కు చూపించండి.
* మాడిన ఫ్యూజు స్థానంలో పెద్దది వేయొద్దు.
* శ్రుతి కుదిరాక గెయిన్ మీట జోలికి వెళ్లొద్దు. పెంచినా తగ్గించినా స్టీరియో వాల్యూమ్‌తోనే.

ఇంతకీ మన సంక్రాంతి కారు ఏమైంది? కనుమ మర్నాడు తెలిసిన మెకానిక్ ఒకాయన గెయిన్‌ను సగానికి పైగా తగ్గించాడు. 'అన్నీ తగ్గించేస్తే ఇంకేం వినిపిస్తుంది?' అని అబ్బాయి మొహం ముడుచుకున్నాడు. తిరుగు ప్రయాణంలో పాట మొదలైంది. గొంతు వేరుగా, వీణ వేరుగా, తబలా వేరుగా... అన్నీ వినిపించాయి. చౌటుప్పల్ వచ్చింది. ఎవరూ ఆపమనలేదు.

'ఒరేయ్, ఇందాకటి పాట ఇంకోసారి పెట్టరా' అంది నానమ్మ!