పరాయి దేశంలో ఇంగ్లీషు మేష్టారికి స్నేహితులెవరు?

విజయనగరంలో డిగ్రీ, ఆంధ్రా యూనివర్సిటీలోనో ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీలోనో ఎం.ఏ., ఆపైన బీఎడ్ చేసి మాల్దీవుల బడులకో ఇథియోపియా కాలేజీలకో ఇంగ్లీషు చెప్పడానికి బయల్దేరాలనుకునే పిల్లలకి జీతం గురించి, వీసా గురించి, పెట్టెలో సర్దుకోవలసిన పచ్చళ్ల గురించి చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. అక్కడ ఎవరితో కలవాలి, ఎవరిని నమ్మాలి అన్నదాని మీద మాత్రం వినికిడి మాటలే. వాటిలో చాలావరకు తప్పు. ఆ తప్పుల వల్ల మంచి ఉద్యోగం చేతిలో ఉండి కూడా కుంగిపోయే వాళ్లుంటారు కాబట్టి వీటిని విడమరచి చెప్పాలి.

అపోహ: మనోళ్ల మధ్య ఉంటే చాలు, ఇంక భయం లేదు.

వాస్తవం: మొదటి నెల వరకు ఇది నిజమే. గది చూపించేది, సిమ్ ఇప్పించేది, పర్మిట్ ఆఫీసులో ఏ కిటికీ దగ్గర నిలబడాలో చెప్పేది, ఇంటికి డబ్బు పంపే దారి నేర్పేది ముందుగా వెళ్లిన తెలుగువాళ్లే. చిక్కంతా ఆ తర్వాత. ప్రతి సెలవు రోజూ అదే గది, అదే నలుగురు, అవే కబుర్లు. ఊరి జనం గురించి ఆ గదిలో నడిచే మాటలు ఎప్పుడో ఎవరికో జరిగినవి, నోటినోటా మారుతూ వచ్చినవి. కొత్తగా వచ్చినవాడు వీధిలోకి దిగకముందే ‘ఇక్కడోళ్లు ఇంతే’ అన్న తీర్పు వినేస్తాడు. మన కులాలూ, మన పార్టీలూ కూడా మనతోపాటే విమానం ఎక్కుతాయి. చేబదుళ్లు, చీటీలు సరేసరి. కాంట్రాక్టు అయిపోయి ఒకరు ఇంకో దేశం వెళ్లిపోతే ఆ డబ్బు అడగడానికి పెద్దమనుషులూ ఉండరు, పంచాయితీ ఉండదు.

ఉత్తరాంధ్రకి ఇందులో పాత అనుభవం ఉంది. మన తీరం రేవుల నుంచి స్టీమర్లెక్కి రంగూన్ పోయినవాళ్లు వేలకు వేలు. అక్కడి ఓడరేవు కూలీల్లో ఎక్కువమంది తెలుగువాళ్లే. బర్మాలో వాళ్లని కోరంగీలు అనేవారు. మన మేస్త్రీల కింద, మనవాళ్ల బ్యారక్‌ల్లోనే వాళ్ల బతుకు. 1930 మే నెలలో వాళ్లు కూలి పెంచమని సమ్మె చేస్తే కంపెనీలు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె తీరగానే బర్మావాళ్లను పొమ్మని పాతవాళ్లను పిలిచాయి. అక్కడ రేగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, వారిలో అధికులు భారతీయులు. తప్పు కూలీలది కాదు. ఇద్దరి ఆకలినీ ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పడానికి వాడుకున్నవాళ్లది. అయినా రెండు జనాలూ విడివిడిగా బతికే ఊళ్లో పుకారుకి అడ్డు చెప్పే మనిషి దొరకడు. పరాయి నేల మీద నాలుగు స్థానిక ఇళ్లలో మన పేరు తెలిసి ఉండటం అందుకే అవసరం.

అపోహ: స్థానికులు మనల్ని దగ్గరికి రానివ్వరు.

వాస్తవం: చాలాసార్లు మనమే గడప దాటం. ఇథియోపియా సంగతి చూడండి. 1941లో ఇటలీ సైన్యాలు వెళ్లిపోయాక హైలే సెలాసీ చక్రవర్తి భారతదేశం నుంచి ఉపాధ్యాయులను రప్పించాడు. తర్వాతి రెండు మూడు దశాబ్దాల్లో అక్కడి పల్లెటూరి హైస్కూళ్లలో సైతం ఇండియా మేష్టారు కనిపించేవారు. ఇప్పటికీ అక్కడి పెద్దల్లో తమకి చదువు చెప్పిన భారతీయుల్ని తలుచుకునేవాళ్లున్నారు. అంటే మీకు ముందే ఒక మంచి పేరు అక్కడ ఎదురుచూస్తోంది.

అక్కడ ఎవరైనా కాఫీకి పిలిస్తే గ్లాసు తాగేసి లేచి రాకూడదు. పచ్చి గింజలు మీ ఎదుటే వేయించి, దంచి, మట్టికూజాలో కాచి మూడు విడతలు పోస్తారు. అబోల్, తోనా, బరకా అని ఆ మూడింటికీ పేర్లు. మూడోది ఆశీర్వాదం లాంటిది, అది తాగకుండా లేస్తే ఇంటివాళ్లు చిన్నబుచ్చుకుంటారు. ఇంజెరా మన పుల్లట్టుకి చుట్టమే. అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తింటారు. ఇష్టమైన వాళ్లకి చేత్తో ముద్ద కలిపి నోటికందిస్తారు, దాన్ని గుర్షా అంటారు. ఎంగిలి అని మొహం తిప్పుకుంటే స్నేహం అక్కడితో సరి. మాంసం తినని వాళ్లు కంగారు పడనక్కర్లేదు. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉంటారు, ఆ రోజుల్లో పప్పులు, కూరలతోనే భోజనం. హోటల్లో ఆ ఉపవాస భోజనానికి ‘త్సోమ్ బేయాయ్‌నెతు’ అని అడిగితే చాలు.

గడియారం మాట కూడా స్థానిక స్నేహితుడే చెప్పాలి. అక్కడ పొద్దు పొడిచిన దగ్గర్నుంచి గంటలు లెక్కపెడతారు. మన ఉదయం 7 వాళ్లకి 1 గంట. ‘మూడింటికి రండి’ అంటే ఉదయం 9కి. ఇది తెలియక మధ్యాహ్నం వెళ్లి, ‘పిలిచి ఇంట్లో లేరు, మనమంటే లెక్కలేదు’ అని అలిగితే ఎవరిది తప్పు?

మాల్దీవుల తీరు వేరు. జనం ఉండే దీవులు 180కి పైగా, చాలావాటిలో జనాభా కొన్ని వందలే. అలాంటి దీవుల్లో భారతీయులు కొద్దిమందే ఉంటారు. కాబట్టి ఎవరితో కలవాలన్న ఎంపిక పెద్దగా ఉండదు. స్టాఫ్‌రూమ్‌లో పక్క కుర్చీలో కూర్చునే మాల్దీవుల టీచరమ్మే మీకు దారి. ఇతర మతాల బహిరంగ ఆరాధన అక్కడ చట్టవిరుద్ధం, విగ్రహాలు తేవడానికీ వీల్లేదు. శుక్ర, శనివారాలు సెలవు. రంజాన్ నెలలో పగటిపూట ఎక్కడ తినాలి, ఎక్కడ తినకూడదు అన్నది ఆ టీచరమ్మే ఒక్క మాటతో చెప్పేస్తుంది. ముఖ్యంగా ఒంటరిగా వెళ్లే ఆడపిల్లలకి చెప్తున్నాను: ఇల్లుగలావిడతో, తోటి స్థానిక ఉపాధ్యాయినితో పరిచయం మీకు పెద్ద రక్షణ. ఏ వీధి, ఏ వేళ, ఏ మనిషి అన్నది వాళ్లకి తెలిసినట్టు మనవాళ్లకి తెలియదు.

అపోహ: తెల్లవాళ్లతో తిరిగితే ఇంగ్లీషూ గౌరవమూ రెండూ పెరుగుతాయి.

వాస్తవం: ఇంగ్లీషు చెప్పే ఉద్యోగంలో వాళ్ల కాంట్రాక్టు వేరు, మన కాంట్రాక్టు వేరు కావడం చాలాచోట్ల జరుగుతుంది. ఆ తేడా మధ్య కూడా మంచి స్నేహాలుంటాయి, ఉండాలి. గౌరవం కోసం వెంటపడితే అది స్నేహం కాదు. తరగతిలో మీ గౌరవం మీ పాఠానిది.

అపోహ: ఇంగ్లీషు చెప్పడానికి వెళ్లేవాళ్లకి వాళ్ల భాషతో పనేంటి?

వాస్తవం: ఈ మాట అనే ముందు మన గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకోవాలి. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరిన మనిషి. చుట్టూ కొండల్లో సవర గిరిజనులున్నారు. వాళ్లకి తెలుగు నేర్పితే సరిపోతుందనుకోలేదు ఆయన. తెలుగు తెలిసిన సవరని ఇంట్లో పెట్టుకుని ముందు తాను వాళ్ల మాట నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. సవర వ్యాకరణం 1931లో వచ్చింది. అంతటి పనికి మొదలు ఒక మనిషితో కూర్చుని మాట్లాడటమే.

బయటి నుంచి మన దగ్గరికి వచ్చినవాళ్లలోనూ అలాంటివారున్నారు. గత శతాబ్దం తొలి దశకంలో ఉత్తర జిల్లాల బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన ఆంగ్లేయుడు జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకోబోయి, జనం మాట్లాడేది ఒకటీ పుస్తకంలో ఉన్నది ఇంకొకటీ ఎందుకని ఇక్కడివాళ్లనే అడిగాడు. ఆ ప్రశ్నను గిడుగు, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగార్ పట్టించుకున్నారు. వాడుకభాష ఉద్యమానికి అది ఊపునిచ్చింది. తన క్లబ్బులో తన దొరలతోనే గడిపి ఉంటే ఆ ప్రశ్న పుట్టేదే కాదు. విజయనగరంలో ఇంగ్లీషులో కవిత్వం రాస్తున్న యువ గురజాడకి ‘మీ భాషలో రాయండి’ అని సలహా ఇచ్చింది కూడా తెలుగువాడు కాదు, కలకత్తా పత్రికా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ. మన మేలు కోరేవాడు మన ఊరివాడే కానక్కర్లేదు.

ఇథియోపియాలో మాట్లాడే అమ్హారిక్‌లోనో మాల్దీవుల దివేహిలోనో యాభై మాటలు వస్తే చాలు, స్టాఫ్‌రూమ్‌లో మీ చుట్టూ గాలి మారుతుంది. తరగతిలో పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో, ఎందుకు తడబడుతున్నారో కూడా అర్థమవుతుంది.

అపోహ: అయితే మనవాళ్లని వదిలేసి పూర్తిగా అక్కడివాళ్లలో కలిసిపోవాలి.

వాస్తవం: ఇదీ అంతే తప్పు. ఇంటి నుంచి చావు కబురు వచ్చిన రాత్రి, జ్వరంతో పడున్న రోజు, ‘ఏటి మేష్టారూ, ఒంట్లో బాగోలేదా?’ అని అడిగే గొంతు కావాలి. దానికి సిగ్గుపడక్కర్లేదు. కొత్త స్నేహాలన్నీ వెంటనే అతిగా నమ్మడమూ వద్దు. విద్యార్థులతో ఆప్యాయంగా ఉండండి గానీ వాళ్లని రాత్రి కబుర్ల స్నేహితులుగా చేసుకోవద్దు. అది ఏ దేశంలోనైనా ఉద్యోగానికి ముప్పు.

అపోహ: కష్టమొస్తే స్నేహితులే చూసుకుంటారు.

వాస్తవం: కొన్ని కష్టాలు స్నేహానికి మించినవి. మీ పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి, దాన్ని దాచిపెట్టుకునే హక్కు యజమానికి లేదు. జీతం ఆపినా, పాస్‌పోర్టు లాక్కున్నా విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. రాయబార కార్యాలయాల దగ్గర ఆపదలో వాడే సంక్షేమ నిధి ఉంటుంది. విదేశాల్లోని తెలుగువాళ్ల కోసం రాష్ట్రానికి ఏపీ ఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది.

వెళ్లబోయేవాళ్లకి నా విన్నపం. దిగిన వారంలోగా రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోండి. ఇంట్లో అమ్మానాన్నలకి రెండు ఫోన్ నంబర్లు రాసివ్వండి: ఒకటి తోటి తెలుగువారిది, రెండోది మీతో పనిచేసే ఆ దేశపు మనిషిది. మొదటిది బయల్దేరక ముందే దొరుకుతుంది. రెండోది మొదటి నెలలో మీరే వెతికి సంపాదించుకోండి.