చూడటం వేరు – వాడటం వేరు

మనిషి చేసిన ప్రతి వస్తువూ మరొక మనిషి చేతికి చేరిన తరువాతే అసలైన పరీక్షకు నిలుస్తుంది. ఏ.టి.ఎం. ముందు నిలబడి ఏ మీట నొక్కాలో తోచక వెనుదిరిగిన వృద్ధుడిని, రైల్వే రిజర్వేషను ఫారం నింపలేక పక్కవారిని అర్థించిన గృహిణిని మనం చూసే ఉంటాం. అటువంటి వేళ వారు అనే మాట సాధారణంగా ఒకటే: "నాకు చదువు రాదు నాయనా!" తప్పు తమదేనని వారి నమ్మకం. ఆ నమ్మకాన్ని ప్రశ్నించడంతోనే వినియోగదారు అనుభవ రూపకల్పన అనే విద్య మొదలైంది. డొనాల్డ్ నార్మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1988లో నిత్యజీవితంలోని వస్తువుల గురించి ఒక గ్రంథం రాశారు. తలుపును తోయాలో లాగాలో తెలియక తడబడితే ఆ దోషం తడబడిన వానిది కాదు, తలుపును రూపొందించిన వానిది అన్నది ఆయన వాదం. 1993లో ఆయన ఆపిల్ సంస్థలో చేరినప్పుడు 'వినియోగదారు అనుభవం' అనే మాట ఆయన ఉద్యోగ నామంలోనే చోటు చేసుకుంది.

ప్రాచీన సాహిత్యం చదువుకున్నవాడిగా నాకు ఈ విషయం మరీ కొత్తగా తోచలేదు. తాళపత్ర ప్రతులలో పదానికీ పదానికీ నడుమ ఎడం ఉండదు. పద్యపాదాలు సైతం ఒకదానితో ఒకటి కలిసిపోయి సాగుతాయి. ఛందస్సు తెలిసిన పండితుడు యతిప్రాసల ఆధారంతో పాదాలను విడదీసుకుంటాడు. తెలియనివాడు మొదటి ఆకు దగ్గరే ఆగిపోతాడు. రాసిన లేఖకుడికి అందులో లోపమేమీ కనిపించదు. ఆ పద్యం అతనికి ముందే తెలుసు కదా! తనకు తెలిసినది ఎదుటివారికీ తెలిసే ఉంటుందనుకోవడం ఆనాటి లేఖకుడికీ ఈనాటి రూపకర్తకూ ఉమ్మడిగా ఉన్న బలహీనత.

ఈ బలహీనత ఎంత దూరం తీసుకుపోగలదో తెలుసుకోవడానికి అమెరికాలో 2000 సంవత్సరం నవంబరులో జరిగిన అధ్యక్ష ఎన్నికను గమనిద్దాం. ఫ్లోరిడా రాష్ట్రంలోని పామ్ బీచ్ కౌంటీలో వృద్ధ ఓటర్లు అధికం. అధ్యక్ష పదవికి పోటీ చేసినవారు పదిమంది. అందరి పేర్లూ ఒకే పుటలో ముద్రిస్తే అక్షరాలు చిన్నవై పెద్దవారికి కనిపించవని అక్కడి ఎన్నికల అధికారిణి భావించారు. అందుచేత పేర్లను ఎదురెదురుగా ఉన్న రెండు పుటలలో పెద్ద అక్షరాలతో ముద్రించి, ఓటు కోసం పొడవవలసిన రంధ్రాలను ఆ రెండింటి నడుమ ఒకే నిలువు వరుసలో అమర్చారు. రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా ఉన్నందున దానికి సీతాకోకచిలుక బ్యాలెట్ అనే పేరు వచ్చింది. ఎడమ పుటలో మొదటి పేరు జార్జి బుష్‌ది, రెండవ పేరు ఆల్ గోర్‌ది. కుడి పుటలో మొదటి పేరు పాట్ బుకానన్‌ది. రంధ్రాల వరుస మాత్రం ఎడమకొకటి, కుడికొకటి చొప్పున దిగుతూ వచ్చింది. కాబట్టి మొదటి రంధ్రం బుష్‌ది, రెండవది బుకానన్‌ది, మూడవది గోర్‌ది. ఎడమ పుటలో రెండవ పేరు చదివిన ఓటరు చేయి రెండవ రంధ్రం మీదికి పోవడంలో వింతేముంది?

ఆ కౌంటీలో బుకానన్‌కు 3,400కు పైగా ఓట్లు పడ్డాయి. ఒకటి కంటే ఎక్కువ రంధ్రాలు పొడవడం వలన చెల్లకుండా పోయిన పత్రాలు 19,000కు మించాయి. రాష్ట్రం మొత్తం మీద బుష్ ఆధిక్యం 537 ఓట్లు మాత్రమే. ఆ రాష్ట్రమే అధ్యక్షుణ్ణి నిర్ణయించింది. 2001లో కొందరు రాజనీతి శాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని పరిశోధించి, గోర్ పక్షీయులు రెండువేలమందికి పైగా పొరపాటున బుకానన్‌కు ఓటు వేశారని తేల్చారు. వారు చూపిన ఆధారం చక్కనిది. అదే కౌంటీలో ముందుగా తపాలా ద్వారా ఓటు వేసినవారికి ఈ రెక్కల పత్రం ఇవ్వలేదు. వారిలో బుకానన్‌కు ఓటు వేసినవారి నిష్పత్తికి, పోలింగు కేంద్రాలలో వేసినవారి నిష్పత్తి సుమారు నాలుగు రెట్లు. ఓటర్లు అదే కౌంటీవారు, అభ్యర్థులూ వారే. మారినది కాగితం అమరిక.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం వేరొకటి ఉంది. ఆ అధికారిణిలో నిర్లక్ష్యం లేదు, దురుద్దేశం అసలే లేదు. ఆమె వృద్ధుల కంటిచూపు గురించి ఆలోచించారు. బ్యాలెట్ నమూనా ఎన్నికకు ముందే పార్టీల వారికీ ఓటర్లకూ చేరింది. అప్పుడు ఎవరూ దానిని ఆపమనలేదు. కారణం, వారంతా దానిని చూశారు. ఎవరూ దానితో ఓటు వేయలేదు. కాగితాన్ని ఇంట్లో తీరికగా చూసే కన్ను వేరు, వరుసలో నిలబడి వచ్చి చేతిలో సూది పట్టుకున్న మనిషి కన్ను వేరు. దిగితే గాని లోతు తెలియదని మన పెద్దలు ఊరకే అనలేదు.

అందువలన రూపకర్త తన పనితీరును మెరుగుపరచుకోవాలంటే మొట్టమొదట మార్చుకోవలసినది తాను అడిగే ప్రశ్న. "ఇది ఎలా ఉంది?" అని అడిగితే, ఎదుటివారు మర్యాద కోసం బాగుందంటారు. అలా అడగక, "ఫలానా పని దీనితో చేయండి" అని వస్తువును చేతికిచ్చి పక్కన కూర్చోవాలి. ఆ వస్తువు పూర్తయి ఉండనక్కరలేదు. కాగితం మీద గీసిన తెర, అట్టతో చేసిన పెట్టె చాలు. నిజానికి అసంపూర్ణంగా ఉండటమే మేలు. వెలకట్టి తయారుచేసిన దానిని పారవేయడానికి ఎవరికీ మనసొప్పదు. ఇక ఈ పనిలో అన్నిటికంటే కష్టమైనది మౌనం. వాడుతున్నవారి వేలు తప్పుదారి పట్టిన క్షణంలో "అటు కాదు, ఇటు" అనాలని ప్రాణం కొట్టుకుంటుంది. ఆ ఒక్క మాటతో పరీక్ష చెడిపోతుంది. వస్తువు అంగడికి చేరిన తరువాత దాని పక్కన రూపకర్త ఉండడు కదా!

ఇందుకు వందలమంది కావాలన్న భయం అవసరం లేదు. అయిదుగురితో పరీక్షిస్తే దోషాలలో ఎక్కువ భాగం బయటపడతాయని, అలా దిద్ది మళ్లీ మళ్లీ పరీక్షించాలని జాకోబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లో సూచించారు. మంచి సూచనే. అయితే ఆ అయిదుగురూ ఒకే కార్యాలయంలోని పట్టభద్రులైతే వారు అయిదుగురు కారు, ఒక్కరే అని నా అభిప్రాయం.

మన దేశపు అనుభవాన్నీ ఇక్కడ తలచుకోవాలి. 1951 జనాభా లెక్కల నాటికి అక్షరాస్యత 18 శాతం. కాబట్టి 1951–52లో జరిగిన తొలి సాధారణ ఎన్నికలలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దానిపై గుర్తు అతికించారు. చదువు రాకపోవడాన్ని దోషంగా కాక పరిస్థితిగా స్వీకరించిన ఆలోచన అది. తరువాత పెట్టెల స్థానంలో గుర్తులతో కూడిన బ్యాలెట్ పత్రం, ఆపైన ఓటింగ్ యంత్రం వచ్చాయి. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ రూపొందించిన నమూనా యంత్రాన్ని 1980 ఆగస్టులో రాజకీయ పార్టీల ముందు ప్రదర్శించారు. 1982లో కేరళలోని పరవూరులో 50 పోలింగు కేంద్రాలలో యంత్రాలను తొలిసారిగా ఉపయోగించారు. యంత్రంపై ఒక్కొక్క అభ్యర్థికి ఒక అడ్డువరుస: పేరు, గుర్తు, ఆ వరుసలోనే నీలిరంగు మీట. నొక్కగానే ఎర్రదీపం వెలుగుతుంది, శబ్దం వినిపిస్తుంది. ఫ్లోరిడా కాగితంలో లోపించినది సరిగ్గా ఈ ఒకే వరుస!

అయినా ఇది కూడా సర్వసంపూర్ణం కాదు. 2004 ఎన్నికలలో నేను విధులు నిర్వహించిన కేంద్రంలో ఒక ముసలమ్మ లోపలికి వెళ్లి ఎంతసేపటికీ రాలేదు. శబ్దమూ వినిపించలేదు. "నొక్కుతానే ఉన్నా నాయనా, పలకడం లేదు" అన్నది. ఓటరు గదిలోకి మేము వెళ్లరాదు. ఏజెంట్ల సమక్షంలో అట్టతో చేసిన నమూనా చూపి ఎలా నొక్కుతున్నదో చేసి చూపమన్నాను. ఆమె వేలు గుర్తు బొమ్మ మీదనే ఆనింది. 'గుర్తుకు ఓటు వేయండి' అని ఊరంతా చెప్పినప్పుడు, ఆమె గుర్తునే నొక్కడంలో తర్కలోపమేమీ లేదు. నిమిషంలో ఆమె ఓటు వేసి వెళ్లింది. ఆనాడు ఆ అట్టముక్క లేకపోతే ఆమె ఓటు ఏమయ్యేదో!

ఇక పలుకుబడి సంగతి. సంస్థలలో తమ మాట చెల్లదని, అంతా నిర్ణయమైన తరువాత రంగులు అద్దడానికి పిలుస్తారని రూపకర్తలు వాపోతుంటారు. ఇందులో నిజం లేకపోలేదు. కాని సమావేశంలో "నాకిది నచ్చలేదు" అని రూపకర్త అంటే, "నాకు నచ్చింది" అని పై అధికారి అంటాడు. రుచుల వివాదంలో గెలుపు హోదాదే. అదే అధికారిని అరగంట సేపు ఒక వినియోగదారు పక్కన కూర్చోబెట్టి, ఆమె వేలు ఎక్కడ ఆగిపోతున్నదో కళ్లారా చూడనిస్తే చర్చ స్వరూపమే మారుతుంది. చట్టం, వ్యయం, గడువు వంటి ఎదుటివారి ఇబ్బందులను కూడా రూపకర్త తెలుసుకోవాలి. ఫ్లోరిడా ఉదంతం తరువాత అమెరికా 2002లో కొత్త ఎన్నికల చట్టం చేసి, ఎన్నికల సహాయ సంఘాన్ని ఏర్పరచింది. అక్కడి రూపకర్తల వృత్తిసంఘం వారు దూరంగా నిలబడి ఎగతాళి చేయక, అధికారులతో కలిసి చట్టపు హద్దులలో పనిచేశారు. వారి సహకారంతో ఆ సంఘం 2007లో బ్యాలెట్ పత్రాల రూపకల్పనకు మార్గదర్శకాలు వెలువరించింది.

చిన్నచోట చేసిన ప్రయోగం పెద్ద నిర్ణయానికి దారి తీస్తుంది. అంధులైన ఓటర్ల కోసం యంత్రంపై బ్రెయిలీ అంకెలను మన ఎన్నికల సంఘం 2004లో హైదరాబాదులోని ఆసిఫ్‌నగర్ శాసనసభా స్థానపు ఉపఎన్నికలో పరీక్షించింది. తరువాత మరికొన్ని చోట్ల పరీక్షించి, 2009 సాధారణ ఎన్నికల నాటికి దేశమంతటికీ విస్తరింపజేసింది. ఒకే పేరు గల అభ్యర్థులతో ఓటరు తికమకపడకుండా 2015 నుండి అభ్యర్థుల ఛాయాచిత్రాలు కూడా చేరాయి.

2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదులో రైతులు పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేయడంతో అభ్యర్థుల సంఖ్య 185కు చేరింది. ఒక్కొక్క బ్యాలెట్ యూనిట్‌లో పదహారు వరుసలే ఉంటాయి. కాబట్టి ప్రతి కేంద్రంలోనూ పన్నెండు యూనిట్లు అమర్చవలసి వచ్చింది. ఆ నియోజకవర్గంలో పోలింగు ఉదయం ఎనిమిది నుండి సాయంత్రం ఆరు వరకు సాగింది. అన్ని యూనిట్ల ముందు నిలిచిన ఓటరుకు తన గుర్తు ఎక్కడున్నదో వెంటనే ఎలా తెలియాలి? విద్యార్థులు నలుగురైదుగురు కలిసి పన్నెండు అట్టముక్కలు తీసుకొని ఒక పరిష్కారం గీయండి. దానిని ఇంట్లో అందరికంటే పెద్దవారి ముందు పెట్టి, ఒక గుర్తు పేరు చెప్పి వెతకమనండి. వారి వేలు ఎటు పోయినా మీరు మాట్లాడకండి. ఎక్కడ ఆగిందో మాత్రం రాసుకోండి.