భూమి రాట్నానికి చంద్రుడి వేలు

ఎమ్మిగనూరు నేతగాళ్ల ఇళ్లలో కండెలకు నూలు చుట్టేది రాట్నం మీద. తిప్పి వదిలేస్తే చక్రం కాసేపు తనంతట తానే తిరిగి నెమ్మదిస్తుంది. దాన్ని చప్పున ఆపాలంటే ఇరుసు దగ్గర వేలు పెట్టి లాభం లేదు, అంచున ఆనించాలి. వేలు అదే, ఒత్తిడి అదే. ఇరుసుకు ఎంత దూరాన పడితే అంత పట్టు. ఆ బలాన్ని ఆ దూరంతో గుణిస్తే వచ్చేదే టార్క్. మన పాఠ్యపుస్తకాల్లో దాని పేరు బలభ్రామకం.

భూమి కూడా అలాంటి చక్రమే. ఆదోని ఉత్తర అక్షాంశం సుమారు 15.6 డిగ్రీలు. అంటే ఆ ఊరి కోట, పత్తి యార్డు, జిన్నింగు మిల్లులు అన్నీ గంటకు దాదాపు 1,610 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతూనే ఉన్నాయి. ఈ చక్రం మీద వేలు ఆనించినవాడు చంద్రుడు.

చంద్రుడి ఆకర్షణకు సముద్రాలు ఉబ్బుతాయి. చంద్రుడు మన చుట్టూ ఒకసారి తిరగడానికి 27 రోజులు పైగా పడుతుంది, భూమికి తన చుట్టూ తిరగడానికి ఒక్క రోజు చాలు. అందువల్ల భూమి ఆ ఉబ్బును చంద్రుడికంటే కాస్త ముందుకు ఈడ్చుకుపోతుంది. చంద్రుడు దాన్ని వెనక్కి గుంజుతాడు. పోటీ అంతే!

ఆ గుంజుడుకు భూమి తిరుగుడు నెమ్మదిస్తోందన్నది ఊహ కాదు. క్రీ.పూ. 136 ఏప్రిల్ 15న బాబిలోన్‌లో పట్టిన సంపూర్ణ సూర్యగ్రహణం అక్కడి మట్టిపలకల మీద నమోదైంది. భూమి అప్పటినుంచీ ఒకే వేగంతో తిరుగుతోందనుకుని వెనక్కి లెక్కవేస్తే 3 గంటలకు పైగా తేడా వస్తుంది, నీడ బాబిలోన్ మీద పడనే పడదు. రెండు వేల ఏళ్ల నాటి ఆ రాతగాళ్లకు ఖగోళశాస్త్రం ఎంతో రుణపడి ఉంది.

ఇక లెక్క. ఆటుపోట్ల వల్ల రోజు నిడివి నూరేళ్లకు సుమారు 2.3 మిల్లీసెకన్లు పెరుగుతోంది. భూమి కోణీయ వేగం సెకనుకు 0.0000729 రేడియన్లు. ఆ వేగంలో నూరేళ్లలో తగ్గిన భాగాన్ని నూరేళ్ల సెకన్లతో భాగిస్తే కోణీయ త్వరణం వస్తుంది. తగ్గే వేగం కాబట్టి అది రుణసంఖ్య. దాని పరిమాణం ఎంతంటే, 6ను 1 పక్కన 22 సున్నాలున్న సంఖ్యతో భాగించినంత. దాన్ని భూమి జడత్వ భ్రామకంతో, అంటే తిరుగుడులో మార్పును భూమి ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే 8 పక్కన 37 సున్నాల సంఖ్యతో, గుణిస్తే టార్క్ దొరుకుతుంది: దాదాపు 5 పక్కన 16 సున్నాల న్యూటన్ మీటర్లు. ఇందులో సింహభాగం చంద్రుడిది, మిగిలింది సూర్యుడిది.

ఆదోని భాషలో చెప్పుకుందాం. భూమధ్యరేఖ దగ్గర ఒకే తాడు కట్టి పడమరకు లాగి ఇదే పని చేయించాలంటే, 170 కిలోల పత్తి బేళ్లు సుమారు 47 లక్షలు వేలాడదీసినంత బరువు ఆ తాడు మీద పడాలి. అంత లాగినా భూమి పూర్తిగా ఆగడానికి 380 కోట్ల ఏళ్లు పడుతుంది. చక్రం అంత బరువైనది.

భూమి పోగొట్టుకున్న తిరుగుడు చంద్రుడికి చేరుతోంది. 1969లో అపోలో 11 వ్యోమగాములు అక్కడ పెట్టిన అద్దాలపైకి లేజర్ పంపి కొలిస్తే, చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నట్టు తేలింది.

అసలు కొలతలో మాత్రం రోజు నూరేళ్లకు 1.8 మిల్లీసెకన్లే పెరుగుతోంది. మంచుయుగం ముగిశాక ధ్రువాల వైపు నేల పైకి లేస్తోంది, భూమి ఆకారం గోళానికి కొంచెం దగ్గరవుతోంది, అందుకే ఆ కొద్దిపాటి మినహాయింపు.

అణు గడియారాలకూ ఈ భూమికీ పొత్తు కుదర్చడానికి 1972 నుంచి 27 సార్లు అదనపు సెకను కలిపారు. చివరిది మన గడియారాల్లో 2017 జనవరి 1 ఉదయం 5.30కి ముందు చేరింది.