పెద్దవారిలో ఉబ్బసం: లెక్కలోకి రాని రోగులు

ఉబ్బసం అనగానే మనకు రాత్రిళ్లు పిల్లికూతలతో బాధపడే పసిపిల్లలే గుర్తుకు వస్తారు. అదే జబ్బు పెద్దవారికి వస్తే మాత్రం ఆ పేరుతో పిలవము. "ఆయాసం", "చలిగాలి పడదు", "వయసు మీద పడింది కదా" అని సరిపెట్టుకుంటాము. అసలు పెద్దవారిలో ఈ జబ్బు ఎంతమందికి ఉంది?

మన దేశంలో 12 కేంద్రాలలో 15 ఏళ్లు దాటిన 1,69,575 మందిని ప్రశ్నించి చేసిన ఒక పెద్ద సర్వే ఫలితాలు 2012లో వెలువడ్డాయి. ఆ కేంద్రాలలో సికింద్రాబాదు కూడా ఒకటి. నూటికి ఇద్దరికి (2.05 శాతం) ఉబ్బసం ఉన్నట్లు తేలింది. దేశం మొత్తం మీద చూస్తే ఇది సుమారు 1 కోటి 72 లక్షల మంది. ఆదివారం ఆరాధనకు 200 మంది పెద్దలు వచ్చే సంఘంలో నలుగురన్నమాట.

అంతేనా అనిపించవచ్చు. కాని ఆ సర్వేలో ఎవరిని లెక్కించారో గమనించండి. ఛాతీలో కూతలో, ఉదయం పూట ఛాతీ పట్టేయడమో ఉంటే చాలదు. దానితోపాటు తనకు ఉబ్బసం ఉందనో, దానికి మందు వాడుతున్నాననో ఆ మనిషి చెప్పాలి. డాక్టరును ఎన్నడూ చూడని మనిషి ఈ లెక్కలోకి రాడు. పిల్లలను కూడా కలిపి వేసిన 2019 అంచనా ప్రకారం దేశంలో ఉబ్బసం ఉన్నవారు సుమారు 3 కోట్ల 43 లక్షలు. ప్రపంచంలోని ఉబ్బసం రోగులలో మనవారు ఎనిమిదవ వంతు మాత్రమే. ఆ జబ్బుతో చనిపోయేవారిలో నూటికి 40 మందికి పైగా మనవారే. మందులు లేక కాదు, సరైన మందు వేళకు వాడక.

ఎందుకు దాస్తాము? దగ్గు అంటే క్షయ అని భయం. రాజమండ్రి విశ్రాంతిపురం శానిటోరియం పేరు వింటూ పెరిగిన పెద్దలకు ఆ భయం ఇంకా పోలేదు. ఇంట్లో పెళ్లికి ఎదిగిన పిల్ల ఉంటే తల్లి తన ఉబ్బసం సంగతి బయటకు రానివ్వదు. చిన్నతనంలో ఈ జబ్బు మగపిల్లలకు ఎక్కువ. పెద్దయ్యాక స్త్రీలకు ఎక్కువ. కట్టెల పొయ్యి దగ్గర దగ్గే ఇల్లాలిని పొగ వల్లే అని వదిలేయకండి.

పని వల్ల వచ్చే ఉబ్బసం గురించి మన డెల్టాలో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. పెద్దయ్యాక మొదలైన ఉబ్బసంలో సుమారు ఆరవ వంతుకు చేసే పనే కారణమని అంచనా. రైసు మిల్లులో ఊక, తవుడు దుమ్ము. కోనసీమలో కొబ్బరి పీచు ధూళి. భీమవరం వైపు రొయ్యలు ఒలిచే షెడ్లలో గాలిలో కలిసే తుంపర. నూర్పిళ్ల దుమ్ము, గడ్డి కాల్చిన పొగ. ఒక గుర్తు చెబుతాము: సెలవు రోజుల్లో తేలికపడి, పనిలోకి వెళ్లగానే తిరగబెడితే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఏళ్ల తరబడి చుట్ట కాల్చినవారి ఆయాసం మాత్రం చాలాసార్లు ఉబ్బసం కాదు, సి.ఓ.పి.డి. అనే వేరే జబ్బు. ఊదే పరీక్షతో తేడా తెలుస్తుంది.

ఏటా జూన్‌లో మృగశిర కార్తెకు హైదరాబాదు నాంపల్లిలో బత్తిన కుటుంబం వారు ఇచ్చే చేప మందుకు వేలాదిగా జనం వెళతారు. కరోనా వల్ల ఆగిన ఆ పంపిణీ 2023లో మళ్లీ మొదలైంది. సర్వేకు చెప్పనివారు కూడా ఆ వరుసలో నిలబడి ఉంటారని మాకు అనిపిస్తుంది. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని పరీక్షలలో రుజువు కాలేదు. వెళ్లడం, మానడం మీ ఇష్టం. వెళ్లి వచ్చి ఇన్‌హేలర్ మానేయడమే ప్రమాదం.

"ఇన్‌హేలర్ అలవాటైపోతుంది, మాత్రే మేలు" అని చాలామంది అంటారు. సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు. అదే మందు ఒకసారి పీలిస్తే 100 మైక్రోగ్రాములు, అంటే నలభయ్యో వంతు. అదీ నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది. అయితే ఈ మందు అప్పటికి ఉపశమనం ఇస్తుందే గాని లోపలి వాపును తగ్గించదు. వాపు తగ్గడానికి రోజూ పీల్చే స్టెరాయిడ్ మందు వేరే ఉంది. దాన్ని పీల్చాక నోరు పుక్కిలించాలి.

ఒక్క మాట పూర్తిగా పలకలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి రండి. మామూలు చూపుకు వచ్చేటప్పుడు మీరు వాడే ఇన్‌హేలర్, బి.పి. మాత్రలు, నొప్పుల మాత్రలు అన్నీ సంచిలో వేసుకుని రండి, బి.పి. మాత్రల్లోను, నొప్పుల మాత్రల్లోను కొన్ని ఉబ్బసాన్ని పెంచుతాయి. మందు ఎలా పీలుస్తున్నారో సిస్టరు ఎదుట ఒకసారి చేసి చూపించండి.