మీకు తెలుసా? కిడ్నీలోనూ చివరి ఆయకట్టు గోల

సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరి కడప దాకా పారే కేసీ కాలువ రైతులకు ఈ గొడవ కొత్త కాదు. పైవాళ్లు మోటార్లు పెట్టి లాగేస్తే చివరి భూములకు నీళ్లందవు. కిందివాళ్లు గోల చేస్తారు. పైన షట్టర్లు ఇంకాస్త ఎత్తుతారు. షుగర్ వచ్చినవారి కిడ్నీలో మొదట జరిగేదీ ఇదే.

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల వడపోత గుత్తులుంటాయి. ప్రతి గుత్తి నుంచీ ఒక సన్నని గొట్టం బయల్దేరి, మెలికలు తిరిగి, మళ్లీ తన గుత్తి పక్కకే వచ్చి ఆనుతుంది. అక్కడ మాక్యులా డెన్సా అనే కొన్ని కణాలు కాలువ లస్కరు పని చేస్తుంటాయి. తమ దాకా వచ్చిన ఉప్పును చూసి, గుత్తికి రక్తం తెచ్చే నాళానికి కబురు పెడతాయి. ఉప్పు ఎక్కువైతే ‘బిగించు’, తక్కువైతే ‘వదులు చెయ్’.

షుగర్‌లో గొట్టం మొదట్లోని కణాలు చక్కెరను తెగ లాక్కుంటాయి. దాంతోపాటు ఉప్పూ అక్కడే లోపలికి పోతుంది. చివర ఉప్పు తగ్గేసరికి, వడపోతే తగ్గిందనుకుని ‘వదులు చెయ్’ అని తప్పుడు కబురు వెళ్తుంది. రక్తం జోరుగా వచ్చి గుత్తిలో ఒత్తిడి పెరుగుతుంది. విచిత్రమేమిటంటే, ఆ దశలో రిపోర్టు చూస్తే కిడ్నీ మామూలుకంటే బాగా పనిచేస్తున్నట్టే ఉంటుంది!

ఆ ఒత్తిడికి నలిగేవి ప్రోటీన్ జారిపోకుండా ఆపే పోడోసైట్లు. పోయినవాటి స్థానంలో కొత్తవి రావడం చాలా అరుదు. షుగర్ వల్ల కిడ్నీకి తగిలే దెబ్బలో ఇంకో కబురు పాత్ర కూడా ఉంది. ఇరుగుపొరుగు కణాలు ఒకదాన్నొకటి తాకి పంపుకునే ‘నాచ్’ సంకేతం పెద్దవాళ్ల పోడోసైట్లలో దాదాపు అణిగే ఉంటుంది. గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే అది మళ్లీ లేచి, మూత్రంలో ప్రోటీన్ పోయేలా చేస్తుందని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని పసుపులేటి అనిల్ కుమార్ బృందం 2019లో చూపింది.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు పైన లాగే మోటార్లనే ఆపుతాయి. ఉప్పు చివరిదాకా చేరుతుంది, మాక్యులా డెన్సా కబురు సరవుతుంది. షుగర్ మందుగా వచ్చినవి కిడ్నీని కాపాడటంలో పెద్ద కిటుకు ఇదే. అయితే వీటితో మూత్రం ఎక్కువ పోతుంది. మన సీమ ఎండల్లో వాంతులో విరేచనాలో పట్టుకున్నప్పుడు మాత్ర ఆపాలేమో డాక్టరును అడగండి.

రక్తపరీక్షలో క్రియాటినిన్ బాగుందని మాత్రం ధీమాగా ఉండొద్దు, అది పెరిగేది ఆలస్యంగానే. షుగర్ ఉన్నవాళ్లు ఏటా మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష చేయించుకోండి. గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే ఆ రిపోర్టు వెంటనే డాక్టరుకు చూపించండి.