రేపటి సద్ది ఈరోజే

బనగానపల్లెలో తెల్లారేసరికే పొయ్యి వెలగని ఇల్లు తక్కువ. నాపరాయి గనుల్లో పనికి పోయేవాళ్లు ఎండ ముదరకముందే సగం పని కానిచ్చుకోవాలి కాబట్టి చీకటితోనే బయల్దేరతారు. పాలిష్ ఫ్యాక్టరీకి, సిమెంటు ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయేవాళ్ల వేళలు వేరు. నంద్యాలలో చదివే పిల్లలు బస్సో రైలో అందుకోవాలి. ఒకే ఇంట్లో మూడు వేళలు, మూడు బాక్సులు. వండే మనిషి మాత్రం ఎక్కువ ఇళ్లలో ఒక్కతే. ఆమెకూ బయట ఏదో ఒక పని ఉంటుంది.

ఆదివారం కూర్చుని వారానికి సరిపడా కూరలు వండి, డబ్బాలకు సర్ది ఫ్రిజ్‌లో పెట్టుకోవడం పట్నాల్లో ఇప్పుడు అలవాటవుతోంది. మన ఎండలకు, మధ్యమధ్య పోయే కరెంటుకు అది అంతగా పొసగదు. ఆదివారం వంకాయ కూరను బుధవారం బాక్సులో పెడితే ఏ పిల్లాడూ ముట్టడు. సీమ వంటింట్లో ఇంతకంటే మంచి దారి ఎప్పటినుంచో ఉంది. పొడిగా నిలవుండేవన్నీ తీరిక ఉన్నప్పుడు చేసిపెట్టుకుంటారు, తడిగా ఉండేవి ఏ పూటకాపూట వండుకుంటారు. నీళ్లకూ కట్టెలకూ కటకటపడ్డ నేల నేర్పిన పద్ధతి ఇది. రొట్టె, పొడి, కారెం, వడియం, ఊరమిరపకాయ అన్నీ అలా పుట్టినవే.

పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి ఈ ఊళ్లోనే గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాశాడని, రవ్వలకొండ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాశాడని చెప్పుకుంటారు. ఆ కొండల్లోకి పశువులు తోలుకుపోయినవాళ్లంతా సద్దిమూట కట్టుకుపోయినవాళ్లే. ఆ మూటలో ఉండేది జొన్నరొట్టో, రాత్రి మిగిలిన సంగటో, ఇంత కారెం, ఒక ఎర్రగడ్డ. వరి అన్నం పండగ పూట కనిపించే వస్తువు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మెట్ట ఇళ్లలోనూ మూడు పూటలా అన్నం అలవాటైంది. ఆకలి తీర్చిన పథకం అది, తప్పు పట్టడానికి లేదు. కాకపోతే జొన్నరొట్టె వారం నిలిచేది, అన్నం ఒక్క పగలు నిలవడమే కష్టం. పొద్దున కట్టిన బాక్సు మధ్యాహ్నానికి వాసన కొట్టడం అన్నంతో పాటు ఇంట్లోకి వచ్చిన బాధ.

ఈ ఊరి పేరు చెబితే దేశమంతా మామిడిపండు తలుచుకుంటుంది. 2017లో బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అయినా ఏడాది పొడుగునా ఇక్కడి బాక్సును మోసేది జొన్నే అని నా నమ్మకం. అందులోనూ ఎండురొట్టె.

జొన్నపిండిలో గోధుమకుండే జిగురు ఉండదు. అందుకే చన్నీళ్లతో కలిపితే రొట్టె అంచులు పగులుతాయి. మరిగిన నీళ్లు పోసి, గరిటెతో కలియతిప్పి, చెయ్యి ఓర్చుకునే వేడికి వచ్చాక అరచేతి మడమతో బాగా మర్దించాలి. వేణ్ణీళ్లకు పిండి కాస్త ఉడికి సాగే గుణం వస్తుంది. తర్వాత పొడిపిండి చల్లి తట్టడం. ఒక చెయ్యి తడుతుంటే రెండో చెయ్యి అంచును దగ్గరికి తోస్తూ గుండ్రంగా తిప్పుతుంటుంది. ఆ రెండు చేతుల లయ కుదిరితే రొట్టె పలచగా, అప్పడంలా వస్తుంది. పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన తుడిచి, నీరు ఇంకగానే తిరగెయ్యాలి. వెంటనే తినే రొట్టెను పొంగగానే తీసేస్తారు. నిలవ రొట్టెను సన్నసెగ మీద ఇంకొంచెంసేపు ఉంచి, పొయ్యి గట్టుకు వాలుగా నిలబెడతారు. గలగలమనేదాకా ఆరిన రొట్టెలో తడి ఉండదు, కనుక బూజుకు చోటు దొరకదు. గుడ్డలో చుట్టి మూతబిగువు డబ్బాలో పెడితే వారం దాటినా చెక్కుచెదరదు. కూరతో తినొచ్చు, విరిచి పెరుగులో నానేసుకోవచ్చు, వేడి పప్పులో వేసుకుంటే దానికదే ఒక భోజనం.

రొట్టెకు జోడీ బుడ్డల కారెం. కర్నూలు, నంద్యాల వైపు వేరుశనగకాయల్ని బుడ్డలంటారు. గింజల్ని సన్నసెగ మీద ఓపిగ్గా వేయించి, పొట్టు చెరిగి, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు, ఉప్పు, కాస్త జీలకర్ర వేసి బరకగా దంచాలి. మిక్సీలో ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది, ఆపి ఆపి తిప్పాలి. ముడుచుకున్న గింజలు, రంగు మారినవి, బూజు పట్టినవి మొహమాటం లేకుండా ఏరి పారేయాలి. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయానికి చేటు, వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. గింజలో నూనె ఉంటుంది కనుక నెలల తరబడి నిలవ చేస్తే పొడి చేదెక్కుతుంది. రెండు వారాలకు సరిపడా చేసుకోవడం మేలు. ఈ కారెం, పప్పుల పొడి, చింతపండు పులుసు, ఈ మూడూ ఇంట్లో ఉంటే పొద్దున బాక్సుకు అన్నం వండడమే మిగులుతుంది. బొరుగులు నానబెట్టి పిండి, పోపులో తిప్పి, పప్పుల పొడి చల్లితే ఉగ్గాని పది నిమిషాల్లో సిద్ధం.

పులిహోర పులుసును నూనె పైకి తేలేదాకా మగ్గించి సీసాకెత్తి ఫ్రిజ్‌లో పెడితే వారాల తరబడి వాడుకోవచ్చు. చిత్రాన్నానికి నిమ్మరసం మాత్రం ముందే కలిపి ఉంచకూడదు, పొయ్యి మీదా పిండకూడదు. వేడికి చేదవుతుంది.

ఇక అన్నం. దాన్ని ముందే వండి పెట్టుకోవాలంటే జాగ్రత్త తప్పదు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి మొలకెత్తి, వాంతులు తెప్పించే విషాన్ని వదులుతాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. రాత్రి వండిన అన్నాన్ని పొద్దున పోపు పెట్టి బాక్సు కట్టాలనుకుంటే, దాన్ని వెడల్పాటి తాంబాళంలో పలచగా పరిచి, వేడి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. మామూలు రోజుల్లో రెండు గంటలు మించకూడదు, మన మే నెల ఎండల్లో గంటే గడువు. పొద్దున పొగలొచ్చేదాకా వేడి చేసి, కాస్త ఆరనిచ్చి సర్దాలి. "వేడిమీద మూత బిగించొద్దు మే, చెమట పడ్తాది" అని అత్తలు కోడళ్లకు చెప్పేది ఇందుకే. ఆ ఆవిరి నీరై అన్నం మీదే కారి, మధ్యాహ్నానికల్లా జిగురు పట్టిస్తుంది.

పెరుగన్నానికి ఇంకో ఉపాయం. మెత్తగా మెదిపిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు ఎక్కువగా పోసి, పెరుగు ఒక్క చెంచా కలిపితే, బాక్సు తెరిచే వేళకు కమ్మగా తోడుకుని ఉంటుంది. నిండా పెరుగే కలిపితే అప్పటికి పులుపెక్కుతుంది. కొర్రన్నం కూడా ఇలా బాగుంటుంది. చల్లారితే బిరుసెక్కే గింజ అది, పాలూ పెరుగూ మెత్తబరుస్తాయి. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం సూర్యనంది లాంటి కొర్ర రకాలను రైతులకిచ్చింది. మన పక్కన పండిన పంట మన పిల్లల బాక్సులోకి రాకపోతే బాధగా ఉంటుంది.

సర్కారు బడుల్లో మధ్యాహ్న భోజనం ఉంది, 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీలకూ వచ్చింది. ఆ మేరకు తల్లులకు ఒక బాక్సు తగ్గింది. మిగిలిన బాక్సుల సంగతి ఇంట్లోనే తేలాలి. ముందే సిద్ధం చేసుకోవడమంటే ఆడమనిషి ఆదివారం సెలవును కూడా పొయ్యికి అప్పగించడం అయితే, ఆ పద్ధతి నాకు సమ్మతం కాదు. బుడ్డలు వలవడానికి, తెల్లగడ్డలు పొట్టు తీయడానికి పిల్లలు చాలు. మరకు పోయి జొన్నలు ఆడించుకు రావడం, చింతపండు నానేసి పిసకడం, సీసాలు కడిగి మిద్దె మీద ఎండబెట్టడం మగవాళ్లు చెయ్యలేని పనులేం కావు. పెళ్లిళ్లకు వందలమందికి వండి వార్చే మగ వంటవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు, ఇంట్లో ఒక రొట్టె తట్టడానికి అడ్డేముంది?

తట్టడం చేతకానివాళ్లకు, తీరిక లేనివాళ్లకు కొనుక్కునే దారి ఉంది. మా సీమ ఊళ్లలో సాయంత్రమైతే రొట్టెలు కాల్చి అమ్మే ఆడవాళ్లు కనిపిస్తారు. మెత్తటివి అప్పటికప్పుడు దొరుకుతాయి. ఎండురొట్టెలు వారానికి సరిపడా కావాలంటే మాత్రం ముందురోజే చెప్పి పెట్టాలి, అవి ఆరడానికి పొద్దు పడుతుంది.