అరచేయంత చోటులో అందరి ప్రాణాలు

"టైర్లల్ల గాలి ఎప్పుడు చూపిచ్చిండ్రమ్మా?"

పంక్చరు షాపు కుర్రాడు అడిగిన ఈ చిన్న ప్రశ్నకి కారులో ఉన్న నలుగురు పెద్దవాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పెళ్లికి బయల్దేరే ముందు కారు కడిగించాం. సీట్లకి కొత్త కవర్లు వేయించాం. డాష్‌బోర్డు మీద వినాయకుడి బొమ్మకి కొత్త పూసల దండ కూడా వేశాం. గాలి సంగతి మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు.

అది 2023 మే నెల. విజయవాడలో మా ఆడపడుచు కొడుకు పెళ్లి చూసుకుని హైదరాబాద్ తిరిగొస్తున్నాం. మావారు డ్రైవింగు, పక్కన నేను. వెనక సీట్లో అత్తగారు, మా అమ్మాయి, దాని ఒళ్లో రెండేళ్ల మనవరాలు. డిక్కీ నిండా పెట్టెలు, సారె, రెండు బుట్టల నూజివీడు రసాలు. మిట్టమధ్యాహ్నం ఎండ.

కోదాడ దాటాక స్టీరింగు వెనక పసుపురంగు దీపం ఒకటి వెలిగింది. గుర్రపు లాడంలాంటి బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం. "ఏమిటండీ అది?" అన్నాను. "ఏదో సెన్సారు గోల, ఇంటికెళ్లాక చూద్దాంలే" అన్నారాయన. నేనూ ఊరుకున్నాను. కారు విషయాలు మగవాళ్లకి తెలుస్తాయని మన నమ్మకం కదా!

సూర్యాపేట దాటి కొంతదూరం వెళ్లామో లేదో 'ఢాం' అని చప్పుడు. కారు వెనక భాగం పాములా ఊగింది. అదృష్టం కొద్దీ ముందు లారీ ఉందని ఆయన అప్పుడే వేగం తగ్గించారు. ఎలాగో రోడ్డు పక్కకి చేరాం. మనవరాలు ఒళ్లోంచి జారి ముందు సీటుకి కొట్టుకుంది. నుదుటి మీద బొప్పి కట్టింది. అంతటితో పోయింది. పోకుండా ఉంటే? ఆ ఆలోచన వస్తే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

డిక్కీ ఖాళీ చేసి స్టెప్నీ తీస్తే అందులోనూ గాలి లేదు. మావారు ఆటోలో వెళ్లి ఆ కుర్రాణ్ని తీసుకొచ్చారు. అతను పేలిన టైరు తిప్పి చూసి, మిగతా మూడూ నొక్కి చూసి, ఆ ప్రశ్న అడిగాడు. ఆ తర్వాత పావుగంటలో అతను చెప్పినవీ, ఇంటికొచ్చాక కారుతో ఇచ్చిన పుస్తకం చదివి నేను తెలుసుకున్నవీ మీకూ చెబుదామనే ఈ నాలుగు మాటలు. కారు నడపడం రాకపోయినా పర్వాలేదు. కారులో కూర్చునే ప్రతి ఆడదానికీ పనికొచ్చే సంగతులివి.

గాలి తగ్గితే ఏమవుతుంది?

అంత పెద్ద కారు రోడ్డుని తాకేది నాలుగు టైర్ల దగ్గరే. ఒక్కో టైరు కింద ఆ చోటు మన అరచేయి కన్నా కాస్త పెద్దదిగా ఉంటుంది, అంతే. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా, వానలో ఆగినా ఆ నాలుగు అరచేతుల పట్టు మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

గాలి తక్కువైతే టైరు పక్క గోడలు ప్రతి చుట్టుకీ వంగుతూ లేస్తూ ఉంటాయి. ఇనుప తీగని అటూ ఇటూ వంచుతూ ఉంటే వేడెక్కి తెగుతుంది చూశారా, ఇదీ అలాంటిదే. లోపలి పొరలు వేడెక్కి విడిపోతాయి. దానికి తోడు బరువు, వేగం, మే నెల ఎండ. మా కారులో ఆ నాలుగూ కలిశాయి.

'ఎండాకాలం కదా, గాలి కాస్త తగ్గించి పెట్టండి' అని చాలామంది సలహా ఇస్తుంటారు. మా ఇంట్లోనూ అదే మాట. ఇది పొరపాటు సుమండీ. తగ్గించిన కొద్దీ టైరు ఇంకా వేడెక్కుతుంది. ఏ కాలమైనా కంపెనీ చెప్పిన గాలే ఉండాలి. మరీ ఎక్కువ కొట్టించినా ముప్పే. టైరు నడిమి భాగమే రోడ్డుకి ఆని పట్టు తగ్గుతుంది.

ఎంత ఉండాలి, ఎప్పుడు చూడాలి?

డ్రైవరు వైపు తలుపు తెరవండి. ఆ తలుపు పక్కన స్తంభం మీద చిన్న కాగితం అంటించి ఉంటుంది. ముందు టైర్లకి ఎంత, వెనక టైర్లకి ఎంత, నిండా మనుషులూ సామానూ ఉంటే ఎంత అన్నది అందులో ఉంటుంది. కొన్ని కార్లకి పెట్రోలు మూత లోపల ఉంటుంది. మా కారుకి మామూలుగా 33, నిండా ఉంటే వెనక టైర్లకి 36 అని రాసుంది. ఏడేళ్లుగా ఆ తలుపు తీస్తున్నాం, వేస్తున్నాం. ఒక్కనాడూ చదవలేదు! మీ కారుకి వేరే అంకె ఉండొచ్చు, అదే పాటించండి. టైరు మీద అచ్చువేసి ఉండే పెద్ద అంకె టైరు భరించగల గరిష్ఠం, మనం పెట్టించాల్సింది కాదు.

పంక్చరు లేకపోయినా నెలకి ఒకటో రెండో పాయింట్ల గాలి దానంతటదే తగ్గుతుంది. చలికాలం రాగానే ఇంకాస్త తగ్గుతుంది. అందుకని కనీసం నెలకోసారి, దూరప్రయాణానికి ముందు తప్పకుండా చూడాలి. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. పరుగెత్తి వచ్చిన టైరులో నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువుంది కదా అని అప్పుడు వదిలేయకూడదు. చల్లారాక చూస్తే తక్కువైపోతుంది.

గాలి చూసే గేజి కొనడానికి పెద్దగా ఖర్చు కాదు. వాల్వు మూత తిప్పి తీసి, గేజి నొక్కి, అంకె చూసి, మూత మళ్లీ బిగించాలి. కుక్కరు మూత పెట్టడం కన్నా కష్టమేమీ కాదు. పెట్రోలు బంకుల్లో గాలి ఉచితంగానే కొడతారు. నైట్రోజన్ మంచిదే గానీ తప్పనిసరి కాదు. మామూలు గాలిలోనూ 78 శాతం నైట్రోజనే ఉంది.

ఇక ఆ పసుపు దీపం సంగతి. గాలి తగ్గిందని చెప్పే దీపం అది. గాలి ఒకటి రెండు పాయింట్లు తగ్గగానే వెలగదు. చాలా కార్లలో ఐదో వంతో నాలుగో వంతో పోయాకే వెలుగుతుంది. అంటే అది ముందుగా వచ్చే సలహా కాదు, చివరి హెచ్చరిక. వెలగ్గానే నెమ్మదించి, భద్రమైన చోట ఆగి, దగ్గర్లో గాలి కొట్టించుకోవాలి. దీపం లేదు కదా అని గేజి మానకూడదు.

టైరు చెప్పే కబుర్లు

అరిగిన తీరు చూస్తే జబ్బు తెలిసిపోతుంది. రెండంచులూ అరిగితే గాలి తక్కువ. నడుమ అరిగితే గాలి ఎక్కువ. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంటు తప్పింది. స్టీరింగు వణుకుతుంటే బాలెన్సింగు చూపించాలి. పదివేల కిలోమీటర్లకోసారి టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పిస్తే సమంగా అరుగుతాయి.

గాళ్ల మధ్యలో అక్కడక్కడ చిన్న రబ్బరు గట్లు కనిపిస్తాయి. టైరు అరిగి ఆ గట్లతో సమానమైతే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం. ఇక మార్చాల్సిందే. చట్టమూ అదే చెబుతుంది. వాననీటిని పక్కకి తోసేవి ఆ గాళ్లే. అవి లేకపోతే నీటి మీద కారు పడవలా జారుతుంది.

అరగకపోయినా టైరుకి వయసుంటుంది. కుక్కరు గ్యాస్కెట్ చూడటానికి బాగానే ఉన్నా గట్టిపడితే ఆవిరి పట్టదు కదా! టైరు పక్కన గుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలుంటాయి. 3219 అని ఉంటే 2019లో 32వ వారం తయారైందన్నమాట. ఐదేళ్లు దాటితే ఏటా నిపుణుడికి చూపించాలి. పదేళ్లు దాటితే ఎంత కొత్తగా కనిపించినా తీసేయాలి. పక్క గోడ మీద పగుళ్లు, ఉబ్బు కనిపిస్తే వయసుతో పని లేదు, వెంటనే మార్పించాలి. స్టెప్నీకీ ఇవన్నీ వర్తిస్తాయి.

వెనక సీట్లోనూ బెల్టు

ఆ కుర్రాడు ఇంకో మాట కూడా అన్నాడు. "పాపని ఒళ్ల కూసోవెట్టుకున్నరు, బెల్టులు ఏడున్నయమ్మా?" బెల్టులు ఉన్నాయి. వాటి కొక్కేలు మా కొత్త సీటు కవర్ల కింద సమాధి అయ్యాయి!

మూడు చోట్ల పట్టే ఇప్పటి బెల్టుని వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లో తయారుచేశాడు. ఆ తర్వాత ఎన్ని పరికరాలు వచ్చినా మొదటి రక్ష అదే. గాలిసంచి, అదే ఎయిర్‌బ్యాగ్, బెల్టుకి తోడు మాత్రమే. కనురెప్ప పాటు కన్నా త్వరగా విచ్చుకునే ఆ సంచి మీదికి బెల్టు లేకుండా వెళ్లి పడితే అదే దెబ్బ తగిలిస్తుంది. కారు నడిపేవాళ్లు స్టీరింగుకి కనీసం 25 సెంటీమీటర్ల దూరంలో కూర్చోవాలి. ఆ సంచి మూత మీద దేవుడి బొమ్మ అతికిస్తే అది రాయిలా ఎగిరొస్తుంది. మా వినాయకుణ్ని ఇంటికి రాగానే పూజగదిలోకి పంపించాం. పక్కల నుంచి విచ్చుకునే సంచులు సీటులోనే ఉన్న కార్లకి, వాటికోసం చేసిన కవర్లే వేయించాలి.

వెనక కూర్చునేవాళ్లకి ఏమవుతుందిలే అనుకుంటాం. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ పోయింది వెనక సీట్లోనే. ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. వెనక సీట్లోనూ బెల్టు చట్టప్రకారం తప్పనిసరి, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. బెల్టు లేదని కారు కీచుమంటే ఆ మోత ఆపడానికి కొందరు చిన్న క్లిప్పు కొని గుచ్చుతుంటారు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఆన్‌లైన్ అంగళ్లని వాటి అమ్మకం ఆపమని ఆదేశించింది. అయినా నోరు నొక్కాల్సింది కారుది కాదు, మన నిర్లక్ష్యానిది.

పిల్లల్ని ఒళ్లో పెట్టుకుంటే మన చేతులు కాపాడతాయనుకోవడం మన ప్రేమే గానీ నిజం కాదు. యాభై కిలోమీటర్ల వేగంలో కారు గుద్దుకుంటే పదికిలోల పాప ఆ క్షణంలో సుమారు రెండొందల కిలోల బరువై లాగుతుంది. ఏ తల్లి చేతులు ఆపగలవు? పిల్లల సీటు కొని వెనక సీటుకి బిగించాలి. వెనక్కి తిరిగి ఉండే పసిపాప సీటుని గాలిసంచి ఉన్న ముందు సీట్లో ఎప్పుడూ పెట్టకూడదు.

గర్భిణులు బెల్టు మానకూడదు. కింది పట్టీ పొట్ట మీదుగా కాక పొట్ట కింద తుంటి ఎముకల మీదుగా, పై పట్టీ రొమ్ముల మధ్యనుంచి పొట్ట పక్కగా రావాలి.

ఒక్క మాట బ్రేకుల గురించి. 2019 నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూస్తుందది. అప్పుడు పెడలు కాలికింద దడదడలాడుతుంది. భయపడి కాలు తీయకుండా నొక్కే ఉంచి, స్టీరింగు తిప్పుకోవాలి. కానీ రోడ్డుని పట్టుకునేది మళ్లీ టైర్లే. అవి నున్నగా అరిగిపోతే ఏబీఎస్ మాత్రం ఏం చేస్తుంది?

దారిలో టైరు పేలితే

- స్టీరింగు రెండు చేతులా గట్టిగా, తిన్నగా పట్టుకోండి.
- సడన్‌గా బ్రేకు తొక్కకండి. యాక్సిలరేటరు మీంచి కాలు నెమ్మదిగా తీయండి.
- వేగం తగ్గాక ఎడమ పక్కకి చేరి, నాలుగు వైపులా మినుకుమనే లైట్లు వేయండి.
- అందరూ రోడ్డుకి దూరంగా, రెయిలింగ్ ఉంటే దాని అవతల నిలబడండి.
- జాతీయ రహదారి మీద సహాయానికి 1033, అంబులెన్సుకి 108.

ఇప్పుడు మా ఇంట్లో నెలలో మొదటి ఆదివారం గాలి చూడటం నా పని. కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. నెల తిరక్కుండానే మనవరాలికి సీటు కొన్నాం. మొదట్లో ఏడ్చి గోల చేసింది. ఇప్పుడు తాతగారు బెల్టు మర్చిపోతే అదే గుర్తు చేస్తోంది. మావారు మొదటి ఆదివారం నన్ను చూసి నవ్వారు. రెండో నెల గేజి తనే తెచ్చి చేతికిచ్చారు.

ఊరికి బయల్దేరేటప్పుడు గ్యాస్ కట్టేశామా, తలుపు తాళం వేశామా అని రెండుసార్లు చూసుకునేది మనమే కదా. ఆ రెంటితో పాటు మూడోది చేర్చుకోండి: టైర్లలో గాలి చూశామా? ఇవాళే ఒకసారి కారు తలుపు తెరిచి ఆ చిన్న కాగితం చదవండి.